కోల్డు స్టోరేజిలోని ఉష్ణోగ్రతను, తేమను కంప్యూటరుచే వ్రాయించుట

ఎండుమిరప పండించు రైతునకు కాయ కల్లమున ఎండుటతో చింత తీరదు. ఫాల్గుణ చైత్ర మాసములలో సరుకంతయు ఒక్కసారిగా యార్డుకు చేరి ధర పడిపోవునపుడు, కొన్ని టిక్కీలను కోల్డు స్టోరేజిలో నుంచి మంచి ధర కొరకు ఎదురుచూచుట గుంటూరు, ఖమ్మం, వరంగల్లు ప్రాంతపు రైతులకు అలవాటే. వేసవి వేడిలో మామూలు గిడ్డంగిలో నున్న కాయ రంగు వెలిసిపోవును. చలిలో నున్న కాయ రంగును నిలుపుకొనును. అట్లుంచిన సరుకుపై బ్యాంకులు అప్పు కూడ ఇచ్చుచున్నవి. కావున ఒక సంవత్సరపు కష్టము, దానిపై తెచ్చిన అప్పు, రెండును ఆ గోడల మధ్యనే యుండును. లోపల చలి సరిగా నున్నదా, రాత్రి కరెంటు పోయినపుడు ఏమి జరిగినది అను సంగతి రైతునకు తెలియు దారి యేది?

పలుచోట్ల ఇప్పటికిని ఆపరేటరు రోజుకు మూడు నాలుగుసార్లు గోడనున్న థర్మామీటరు చూచి పుస్తకములో వ్రాయును. అట్టి పుస్తకములను నేను కొన్నింటిని తిరుగవేసి చూచితిని. కొన్నింటిలో నెల పొడుగున ప్రతి పూట ఒకే అంకె, ఒకే సిరా, ఒకే కూర్పున వ్రాసిన వ్రాత! ఆపరేటరును తప్పుపట్టి లాభము లేదు. అర్ధరాత్రి రెండు గంటలకు లేచి గదులన్నియు తిరిగి రమ్మనిన ఎవరికిని సాధ్యము కాదు. ఆ పనిని నిదుర లేని యంత్రమునకు అప్పగించుట మేలు. ఇప్పుడు రైతు సంఘములు కొన్ని స్వంతముగా కోల్డు స్టోరేజీలు నడుపుచున్నవి గనుక, వాని డైరెక్టర్లును, అందు సరుకు దాచుకొను రైతులును ఈ ఏర్పాటును అర్థము చేసికొనుట అవసరము. అమర్చువారు పట్టణమునుండి వచ్చి రెండు దినములలో అమర్చి పోవుదురు. ఆ తరువాత దానితో కాపురము చేయవలసినది మీరే.

ఒక సంగతి చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కోల్డు స్టోరేజిలో క్రొత్తగా పెట్టిన యిట్టి ఏర్పాటును చూడ నన్ను పిలిచిరి. తెరపై గీత చక్కగా నున్నది. 6 డిగ్రీలకును 8 డిగ్రీలకును మధ్య నెల పొడుగున ఎక్కడను కట్టు తప్పలేదు. ‘బాగున్నది’ అని నేనే రైతులకు చెప్పి వచ్చితిని. తరువాత సరుకు తీయగా, ఒక గదిలో పై వరుస టిక్కీలు చెమ్మగిలి, కాయ నలుపెక్కి, కొన్నింటికి బూజు వాసన పట్టియున్నది. అపుడు గీతను మరల దగ్గరగా చూచితిమి. ఆ నెలలో మూడు రాత్రులు కరెంటు పోయినది, జనరేటరును ఆడలేదు. కంప్రెసర్లతో పాటు, కొలతలు వ్రాయు కంప్యూటరును ఆగిపోయినది. ఆ చీకటిలోనే లారీలకు సరుకు ఎత్తుటకు తలుపులు చాలసేపు తెరచి యుంచిరి. బయటి తేమగాలి లోనికి వచ్చి చల్లని టిక్కీలపై నీరై దిగినది. ఉదయము కరెంటు వచ్చి, గది మరల చల్లబడిన తరువాత గాని ఎవరును కంప్యూటరును నడపలేదు. సాఫ్ట్‌వేరు రాత్రి ముందరి చుక్కను, ఉదయపు చుక్కను తిన్నని గీతతో కలిపివేసినది. సరుకు చెడిన గంటలు తెరపై లేనేలేవు. లేని గంటలను నేను మెచ్చుకొని వచ్చితిని. నాటినుండి ఏ తెర చూచినను ముందుగా ఖాళీల కొరకు వెదకుట నాకు అలవాటైనది. ఈ వ్యాసములో చెప్పబోవు జాగ్రత్తలలో చాలభాగము, తెరపైని అంకె నిజమైన అంకె అగునట్లు చూచుకొనుటకే.

ఏర్పాటులో ఏమేమి యుండును

గదిలో ఉష్ణోగ్రతను, తేమను పసిగట్టు సెన్సార్లు ఉండును. సెన్సారు పసిగట్టినదానిని మీటరు అంకెగా మార్చును. మీటర్లన్నింటిని వరుసగా కలుపుచు రెండు తీగలు కంప్యూటరు వరకు పోవును. కంప్యూటరులోని సేకరణ సాఫ్ట్‌వేరు, వెనుకటి దినములలో ఊరి తలారి వంటిది. తలారి ఇంటింటికి పోయి అడిగిన గాని ఎవరును తమంతట చెప్పరు. అట్లే సాఫ్ట్‌వేరు ఒక్కొక్క మీటరును దాని ఇంటి నెంబరుతో పిలిచి ‘నీ లెక్క ఎంత?’ అని అడుగును. మీటరు బదులు చెప్పును. ఆ బదులును తేదీ, సమయములతో సహా వ్రాసికొని సాఫ్ట్‌వేరు తరువాతి యింటికి పోవును.

ఈ ప్రశ్న జవాబుల పద్ధతులలో మోడ్‌బస్ అనునది మిక్కిలి వాడుకలో నున్నది. 1979లో అమెరికా దేశపు మోడికాన్ అను సంస్థ దీనిని ఫ్యాక్టరీ యంత్రముల కొరకు రూపొందించినది. పాతదైనను తేలికైనది గనుక నేటికిని బజారులో దొరకు మీటర్లు పెక్కు ఈ భాషనే మాటాడును. మీటరు కొనునపుడు ‘మోడ్‌బస్, ఆర్‌ఎస్-485 ఉన్నవా?’ అని అడిగి, ఉన్నదానినే కొనవలెను. అట్లు కొనినచో రేపు సాఫ్ట్‌వేరు మార్చినను మీటర్లు మార్చ పని లేదు.

సాఫ్ట్‌వేరులో పెద్ద మిల్లులు వాడు స్కాడా రకములు కలవు; వానికి ఖర్చు ఎక్కువ. ఖర్చు లేనివియు కలవు. 2013లో ఐబిఎం సంస్థలో పుట్టిన నోడ్-రెడ్ మీటర్లను అడిగి అంకెలు తెచ్చుటకును, ఇన్‌ఫ్లక్స్‌డిబి వానిని దాచుటకును, గ్రఫానా గీతలుగా చూపుటకును పనికివచ్చును. నాలుగు గదుల కోల్డు స్టోరేజికి ఇవి చాలును. అయితే ఊరికే వచ్చునది గదా యని చూడక, చెడినపుడు మీకు అందుబాటులో ఎవరు బాగుచేయగలరో దానిని బట్టి ఎన్నుకొనుడు. ఈ క్రింది విషయములు మాత్రము ఏ సాఫ్ట్‌వేరునకైనను ఒక్కటియే.

కంప్యూటరు తెరువక ముందు చేయవలసిన పని

మొదట కాగితము, పెన్సిలు తీసికొని గదులన్నియు తిరుగుడు. ఎక్కడెక్కడ ఏమి కొలువవలెనో జాబితా వ్రాయుడు. ఒక్కొక్క గదికి గాలి ఉష్ణోగ్రతకు మూడు సెన్సార్లు, టిక్కీ లోపల ఒకటి, తేమకు ఒకటి, ఇవి కనీసము. నాలుగు గదులకు ఇరువది అగును. తలుపు తెరచినది మూసినది తెలుపు స్విచ్చి గదికొకటి, కరెంటు ఉన్నది లేనిది తెలుపునది ఒకటి, కంప్రెసరు ఆడుచున్నది తెలుపునది ఒకటి చేర్చుడు. అమోనియాతో నడచు యంత్రమైనచో యంత్రపు గదిలో అమోనియా వాయువును పసిగట్టు సెన్సారు తప్పనిసరి. అది సరుకు కొరకు గాదు, మనుష్యుల ప్రాణము కొరకు. దాని హెచ్చరిక గంట కంప్యూటరుతో పని లేకుండ తనంతట మ్రోగునట్లు విడిగా నుండవలెను.

సెన్సారును ఎక్కడ పెట్టుట అనునది సాఫ్ట్‌వేరు కన్న ముఖ్యము. అమర్చువారు తీగ ఆదా అగునని తలుపు ప్రక్కనో, చల్లగాలి వదలు ఫ్యాను క్రిందనో బిగించుట పరిపాటి. ఫ్యాను క్రింద పెట్టిన సెన్సారు గది చెడినను చల్లగానే చూపును. తలుపు ప్రక్కది గది బాగున్నను వేడి చూపును. ఒకదానిని ఫ్యాను నుండి గాలి తిరిగి వచ్చు వైపున, ఒకదానిని గది మధ్యలో టిక్కీల ఎత్తున, ఒకదానిని కప్పు క్రింద పై వరుసకు కొంచెము పైన అమర్చవలెను. వేడి పైకి చేరును గనుక ముందుగా చెడునది పై వరుసయే. గోడకు అంటించరాదు, గోడ బయటి ఎండను తెలుపును గాని లోపలి సరుకును తెలుపదు.

టిక్కీ లోపలి సెన్సారు ఎందుకని కొందరు అడుగుదురు. గాలి తలుపు తీసిన అయిదు నిమిషములలో వేడెక్కును, మూసిన అయిదు నిమిషములలో చల్లబడును. సరుకు అట్లు గాదు. నిదానముగా వేడెక్కి నిదానముగా చల్లబడును. గాలి సెన్సారు మీ యంత్రము ఎట్లు పనిచేయుచున్నదో చెప్పును. టిక్కీలోని సెన్సారు మీ కాయ ఎట్లున్నదో చెప్పును. పై వరుసలోని ఒక టిక్కీ నడుమ దీనిని గ్రుచ్చి, సరుకు తీసికొనిపోవువారు దానిని కదలింపకుండునట్లు ఎఱ్ఱని గుడ్డ కట్టుడు.

మంచు పరీక్ష, ఉప్పు పరీక్ష

బిగించుటకు ముందే ప్రతి సెన్సారును పరీక్షింపవలెను. ఇందుకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. థర్మాసు ఫ్లాస్కులో మంచినీటి మంచును మెత్తగా పగులగొట్టి నింపి, మంచు ముక్కల మధ్య సందులు నిండునంత వరకు నీరు పోయుడు. వట్టి మంచు సున్నకన్న చల్లగా నుండవచ్చును. మంచు, నీరు కలిసియున్నది మాత్రము 0 డిగ్రీలే. సెన్సారు కొనను అందులో ముంచి, అప్పుడప్పుడు కలుపుచు పది నిమిషములు ఆగుడు. అంకె సున్నకు ఇటు అటు అర డిగ్రీలో నున్నచో మంచిది. 0.8 వంటి తేడా చూపినచో ఆ తేడాను తీసివేయునట్లు సరిచేయవచ్చును. కాని ఆ సవరణను మీటరులో గాని, సాఫ్ట్‌వేరులో గాని ఒక్కచోటనే చేయవలెను. రెండు చోట్లను చేసి, సరియైన సెన్సారును చెడగొట్టుకొనువారు కలరు. రెండు డిగ్రీలు మించి తప్పు చూపు సెన్సారును తిరిగి ఇచ్చివేయుడు.

తిరిగి ఇచ్చుటకు ముందు మాత్రము తీగను ఒకసారి చూడుడు. పిటి-100 అను రకము సెన్సారు 0 డిగ్రీల వద్ద 100 ఓములు చూపును. డిగ్రీకి సుమారు 0.385 ఓము చొప్పున పెరుగును. పొడుగైన సన్నని తీగలో ఒక్క ఓము చేరినను మీటరు దానిని 2.6 డిగ్రీల వేడి అని లెక్కించును. అందుచే రెండు తీగలు గాక మూడు తీగలు గల సెన్సారునే తీసికొని, మూడింటిని మీటరునకు కలుపవలెను. మూడవ తీగ ఆ తప్పును దిద్దును.

తేమ సెన్సారునకు ఉప్పు పరీక్ష. మూత గట్టిగా పట్టు డబ్బాలో వంట ఉప్పు వేసి, ముద్దగా తడియునంత నీరు కలిపి, ఉప్పు తగులకుండ సెన్సారును పైన వ్రేలాడదీసి మూయుడు. ఎండ తగులని చోట ఒక రాత్రి ఉంచుడు. ఉప్పు ముద్దపైని గాలిలో తేమ 75 శాతమునకు వచ్చి నిలుచును. సెన్సారు 72 నుండి 78 వరకు చూపినచో వాడవచ్చును. తేమ సెన్సార్లు కాలక్రమమున చెడును గనుక ప్రతి సంవత్సరము సరుకు నింపుటకు ముందు ఈ పరీక్ష చేయుడు.

మీటరుతో మాట కలుపుట

తీగను ఒక మీటరునుండి తరువాతి మీటరునకు గొలుసువలె పోనీయవలెను. చెట్టు కొమ్మలవలె చీల్చరాదు. ఈ తీగ 1200 మీటర్ల వరకు పనిచేయును. రెండు చివరలను 120 ఓముల నిరోధకము పెట్టించుడు. మోటారు కేబులు ప్రక్కనే లాగినచో మాటలు చెదరును. మీటర్లన్నింటి వేగము, ప్యారిటీ కంప్యూటరులో పెట్టిన వానితో సరిపోవలెను. ఒక్కొక్క మీటరునకు 1 నుండి 247 వరకు వేరు వేరు నెంబరు ఇయ్యవలెను. ఒకే నెంబరు రెండింటికి ఇచ్చినచో ఇద్దరును ఒకేసారి బదులు చెప్పి, ఎవరి మాటయు వినబడదు.

ఇక అంకె. మీటరు లోపల చిన్న చిన్న గళ్లు ఉండును. వానిని రిజిస్టర్లు అందురు. ఏ గడిలో ఏ కొలత యున్నదో మీటరు పుస్తకములో వ్రాసి యుండును. ఇక్కడ మూడు చోట్ల అందరును తడబడుదురు.

మొదటిది గడి నెంబరు. పుస్తకములో 40001 అని వ్రాసిన గడిని పెక్కు సాఫ్ట్‌వేర్లు 0 అని పిలుచును. 40011 అనునది 10 అగును. ఒకటి తప్పినచో ప్రక్క గడి వచ్చును, అనగా ఉష్ణోగ్రత బదులు తేమ కనబడును. రెండవది దశాంశము. గడిలో పూర్ణాంకములే యుండును గనుక 6.5 డిగ్రీలను మీటరు 65 అని ఉంచును. సాఫ్ట్‌వేరులో దానిని 10చే భాగింపవలెను. ఈ రెండు తప్పులు కలిసినపుడు వచ్చు చిక్కు వినుడు: ఉష్ణోగ్రత గడిని తేమ గడి యనుకొని, భాగింపక వదలినచో 65 అని వచ్చును. 65 శాతము తేమ యనిన ఎవరికిని అనుమానము రాదు గదా! అందుచే అంకె నమ్మదగినట్లున్నది అని ఊరకుండక, సెన్సారును అరచేత పట్టుకొని వేడి చేసి, తెరపై అదే అంకె, ఆ పేరుతోనే పెరుగుచున్నదా అని చూడవలెను. ఇరువది సెన్సార్లకు ఇరువదిసార్లు ఈ పని చేయుడు. ఒకరు గదిలో, ఒకరు తెర ముందు సెల్‌ఫోనులో మాటాడుకొనుచు చేసినచో ఒక పూటలో తీరును.

మూడవది సున్నకు దిగువ అంకెలు. ఒక గడి 0 నుండి 65535 వరకు పట్టును. మైనస్ 0.5 డిగ్రీని మీటరు 65531 అను రూపమున ఉంచును. సాఫ్ట్‌వేరుకు ‘ఇది గుర్తు గల అంకె’ అని చెప్పనిచో తెరపై 6553.1 డిగ్రీలు అని పడును! చల్లగాలి వదలు కాయిలు వద్ద సున్న దిగుట సామాన్యము. గదిలో గాలి 6 డిగ్రీలున్నంత కాలము ఈ తప్పు బయటపడదు. కాయిలుకు మంచు పట్టిన రాత్రి బయటపడును.

అమోనియా, పీడనము తెలుపు సెన్సార్లు కొన్ని 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు రూపమున తెలుపును. సున్న నుండి గాక 4 నుండి మొదలుపెట్టుటలో తెలివి కలదు. 0 నుండి 100 వరకు కొలుచు సెన్సారు తీగ తెగినపుడు కరెంటు సున్న యగును. లెక్క మైనస్ 25 అని వచ్చును. నిజముగా సున్న యున్నచో 4 మిల్లీ ఆంపియర్లు రావలెను. తెగిన తీగను, నిజమైన సున్నను ఇట్లు వేరుచేయవచ్చును. ‘మైనస్ అంకెలు చూచుటకు బాగుండవు, అన్నింటిని సున్న చేసితిమి’ అని అమర్చువారు చెప్పినచో ఒప్పుకొనకుడు.

ఎంతకొకసారి వ్రాయవలెను

క్షణక్షణము వ్రాసిన మేలనుకొనుట పొరపాటు. ఉష్ణోగ్రత, తేమలకు 5 నిమిషములకు ఒకసారి చాలును. అటులైనచో ఒక సెన్సారునకు దినమునకు 288 కొలతలు, ఇరువదింటికి 5,760 కొలతలు, సంవత్సరమునకు 21,02,400 కొలతలు అగును. ఒక్కొక్క కొలతకు 50 బైట్లు పట్టునని లెక్క వేసినను సుమారు 105 మెగాబైట్లు. ఇది ఏ కంప్యూటరునకును బరువు కాదు. కనుక ‘చోటు చాలదు, పాతవి తుడిచివేయుదము’ అను మాటకు తావు లేదు. తలుపు మాత్రము వేరు. అయిదేసి నిమిషములకు చూచినచో మధ్యలో మూడు నిమిషములు తెరచి మూసినది కానరాదు. తలుపును, కరెంటును మారిన క్షణముననే వ్రాయునట్లు పెట్టవలెను.

కొన్ని సాఫ్ట్‌వేర్లు అంకె మారినపుడే వ్రాయును. ఉష్ణోగ్రతకు ఆ పద్ధతి పెట్టినచో, మారకున్నను అరగంటకు ఒకసారియైన వ్రాయుమని చెప్పవలెను. లేకున్న అంకె మారలేదో, తీగయే తెగినదో తెలియదు.

గంట సగటు మాత్రమే దాచి అసలు కొలతలు పారవేయు అలవాటు మిక్కిలి చెడ్డది. గంటలో పండ్రెండు కొలతలుండును గదా. తొమ్మిది 6 డిగ్రీలు, మూడు 14 డిగ్రీలు అయినచో సగటు 8 డిగ్రీలు. ఎనిమిది చూచి బాగున్నదని సంతోషింతుము. పదునాలుగు మరుగున పడును. సగటులు కావలెనన్న వేరుగా వేసికొనవచ్చును, అసలు చిట్టా అట్లే యుండవలెను. దానిని ఎవరును, మేనేజరు సైతము, దిద్దుటకు వీలుండరాదు. సవరణ కావలసివచ్చినచో ప్రక్క గడిలో, ఎవరు ఎందుకు వ్రాసిరో పేరుతో వ్రాయవలెను.

గడియారము

సాఫ్ట్‌వేర్లు పెక్కు లోపల అంతర్జాతీయ కాలమును వాడును. మన కాలము దానికన్న 5 గంటల 30 నిమిషములు ముందున్నది. ఈ సంగతి చూచుకొననిచో తెల్లవారుజామున 2 గంటలకు పోయిన కరెంటు, ముందునాటి రాత్రి 8-30కు పోయినట్లు వ్రాయబడును. మీరు విద్యుత్తు శాఖ వారిని అడుగబోయినచో ఆ వేళ కరెంటున్నదని వారి పుస్తకము చూపుదురు, తగవు మిగులును. లోపల ఏ కాలము దాచినను తెరపై, అచ్చులో మన కాలమే కనబడవలెను. ఇంటర్నెటు ఉన్నచోట గడియారమును దాని ద్వారా సరిచేయించుకొనుటకు పెట్టుడు. లేనిచోట వారమునకు ఒకసారి చూచుడు.

కరెంటు పోయినపుడు

చిట్టా ముఖ్యముగా కావలసినది కరెంటు లేని గంటలకే. కావున కంప్యూటరు ఒక్కటి గాక, మీటర్లు, సెన్సార్లు, వాని మధ్యనున్న పెట్టె అన్నియు బ్యాటరీపై నుండవలెను. కంప్యూటరుకు మాత్రమే బ్యాటరీ పెట్టి మీటర్లను మరచినచో, తలారి తిరుగుచునే యుండును గాని ఇంటింటను తలుపులు మూసియుండును. మీ ఊరిలో కరెంటు ఎక్కువలో ఎక్కువ ఎన్ని గంటలు పోవునో అంతకు రెట్టింపు నిలుచు బ్యాటరీ తీసికొనుడు. బ్యాటరీ కూడ అయిపోయి కరెంటు తిరిగి వచ్చినచో, ఎవరును మీట నొక్కకయే కంప్యూటరు, సాఫ్ట్‌వేరు తమంతట మొదలగునట్లు పెట్టించుడు.

మీటరు బదులు చెప్పనపుడు సాఫ్ట్‌వేరు ఏమి చేయును? అమర్చువారిని మీరు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది. కొన్ని సాఫ్ట్‌వేర్లు చివర తెచ్చిన అంకెనే మరల మరల వ్రాయును. కొన్ని సున్న వ్రాయును. రెండును తప్పే. ఖాళీని ఖాళీగానే ఉంచి, ప్రక్కన ‘బదులు లేదు’ అని గుర్తు వేయవలెను. గీత అక్కడ తెగిపోవలెను. సరుకున్న గదిలోని కొలత ఎప్పుడును కొంచెము కదలుచునే యుండును. గంటల తరబడి 6.4, 6.4, 6.4 అని కనబడినచో తీగను చూడుడు.

అంకెలను దూరమున నున్న సర్వరుకు పంపు ఏర్పాటైనచో, ఇంటర్నెటు లేనపుడు ఇక్కడనే దాచుకొని, వచ్చిన తరువాత పాత సమయములతోనే పంపునట్లు ఉండవలెను. చిన్న కార్డు కంప్యూటర్లు చవుకయే గాని, ఎడతెగక వ్రాయుటచే వాని మెమొరీ కార్డు అరిగి ఒకనాడు పలుకకుండ పోవును. వానికి మంచి డిస్కు తగిలించి, వారమునకొకసారి నకలు వేరొకచోట దాచుడు.

హెచ్చరికలు

ఎండుమిరపకు గాలి ఉష్ణోగ్రత సుమారు 5 నుండి 8 డిగ్రీలలో ఉంచుచున్న గదికి 10 డిగ్రీలు పై హద్దుగా పెట్టుకొనవచ్చును. కాని 10 తగిలిన వెంటనే ఫోను మ్రోగునట్లు పెట్టినచో తలుపు తీసినప్పుడెల్ల మ్రోగును. ‘నాన్నా పులి’ కథలో వలె మూడు దినముల తరువాత ఎవరును లేవరు. 20 నిమిషములు వరుసగా హద్దు దాటియున్న గాని మ్రోగకుండునట్లు చేయుడు. టిక్కీలోని సెన్సారునకు మాత్రము ఆగుట పనికిరాదు; అది నెమ్మదిగా కదలునది, కదలినదన్న కారణముండును. దానికి 9 డిగ్రీల హద్దు పెట్టి వెంటనే తెలుపుమనుడు. తేమ 70 శాతము దాటి గంటసేపు నిలిచినచో తెలుపవలెను. అట్టి గాలిలో చాలకాలమున్న కాయ తేమ పీల్చుకొని, బూజునకు దారి ఏర్పడును.

హెచ్చరిక ఒక్కరికే పోరాదు. మొదట ఆపరేటరునకు, పదిహేను నిమిషములలో ‘చూచితిని’ అని అతడు నొక్కనిచో మేనేజరునకు, అటుపై సంఘపు డైరెక్టరు ఒకరికి పోవలెను. దిగువ హద్దు, తలుపు హెచ్చరిక, యంత్రపు గది హెచ్చరిక ఇట్లే అమర్చుకొనుడు. వీనికి తోడు మరియొకటి కలదు. కంప్యూటరే చచ్చినచో ఎవరు చెప్పవలెను? ప్రతి ఉదయము ఆరు గంటలకు ‘అంతయు బాగున్నది, రాత్రి కొలతలు ఇన్ని’ అని ఒక మెసేజి వచ్చునట్లు పెట్టుడు. ఆ మెసేజి రాని ఉదయము ఎవరో ఒకరు స్వయముగా వెళ్లి చూడవలెను.

తాళములు

మోడ్‌బస్ పద్ధతిలో తాళమను మాటయే లేదు; అడిగినవారికెల్ల మీటరు బదులు చెప్పును, చెప్పినట్లు వినును. కావున మీటర్ల వరుసను నేరుగా ఇంటర్నెటుకు తెరచి పెట్టరాదు. సేకరణ సాఫ్ట్‌వేరుకు చదువు అధికారము మాత్రమే ఇచ్చి, కంప్రెసరు హద్దులు మార్చు అధికారము ఇయ్యకుడు. అమర్చినవారు వాడిన పాస్‌వర్డును వారు వెళ్లిన దినముననే మార్చుడు. తెరను చూచు అనుమతి మాత్రము సరుకుంచిన ప్రతి రైతునకును ఉండవలెనని నా అభిప్రాయము. తన టిక్కీలున్న గది గీతను రైతు ఇంట కూర్చుండి సెల్‌ఫోనులో చూడగలిగినపుడు, ఆపరేటరునకును జాగ్రత్త పెరుగును, అనవసరపు అనుమానములును తగ్గును.

బిల్లు చెల్లించుటకు ముందు

అమర్చువారు ఉండగానే ఈ పరీక్షలు మీ చేతులతో చేయుడు. ఒక సెన్సారు తీగను ఊడదీయుడు: గీత తెగినదా, తిన్నగా సాగుచున్నదా? ఒక గది తలుపు అరగంట తెరచి యుంచుడు: ఫోను ఎన్ని నిమిషములకు మ్రోగినది? మెయిను స్విచ్చి ఆపి రెండు గంటలు ఆగుడు: ఆ రెండు గంటల కొలతలు చిట్టాలో ఉన్నవా? ఇంటర్నెటు తీసివేసి సాయంకాలము తిరిగి పెట్టుడు: ఆనాటి అంకెలు తమ తమ సమయములతో సర్వరుకు చేరినవా? కంప్యూటరు ప్లగ్గునే పెరికి తిరిగి పెట్టుడు: ఎవరును తాకకయే మేల్కొన్నదా? ఖాళీ గదిలో, సరుకు రాకముందు చేసిన ఈ అల్లరి వలన నష్టమేమియు లేదు.

పాత పుస్తకమును వెంటనే అటకెక్కించకుడు. మొదటి నెల ఆపరేటరు ఎప్పటివలె థర్మామీటరు చూచి వ్రాయుచుండవలెను. వారాంతమున ఆ అంకెలను కంప్యూటరు అంకెల ప్రక్కన పెట్టి చూడుడు. ఒక డిగ్రీ మించి తేడా వచ్చిన గదికి మంచు ఫ్లాస్కుతో మరల వెళ్లుడు. సెన్సారు ఎక్కడున్నది, మీటరు నెంబరు, గడి నెంబరు, ఎంతచే భాగించితిరి, ఎంత సవరించితిరి, ఏ తేదీన పరీక్షించితిరి అను వివరములను ఒక అట్టపై తెలుగులో వ్రాసి కంప్యూటరు గది తలుపు లోపలివైపు అంటించి, నకలొకటి సంఘపు కార్యదర్శి వద్ద ఉంచుడు.